పిక్సెల్ ఫాంట్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: చదరపు గళ్ళతో గీసిన అక్షరాలున్న పిక్సెల్ ఫాంటైనా మామూలు టీటీఎఫ్ (ఫాంట్లు దాచే ఒక రకం) ఫైలే కదా, ఏ సైజులో పెట్టినా పదునుగానే ఉంటుంది.

వాస్తవం: ఉండదు. పాత ఆర్కేడ్ ఆటల అక్షరాలను చూసి చేసిన ప్రెస్ స్టార్ట్ 2పీ లాంటి ఫాంట్‌లో ఒక్కో అక్షరానికి 8×8 గళ్ళు. అందుకని 8, 16, 24, 32 పిక్సెళ్ళే దానికి సరిపడే సైజులు. 20 పెట్టారంటే గడికి రెండున్నర పిక్సెళ్ళొస్తాయి. ఆ సగాన్ని స్క్రీన్ బూడిదరంగుతో పూడుస్తుంది, అంచులు అలుక్కుపోతాయి. పాయింట్లలో సైజు ఇచ్చేవాళ్ళు మరీ జాగ్రత్తపడాలి. 96 డీపీఐలో (అంగుళానికి 96 పిక్సెళ్ళ లెక్కన) 12 పాయింట్లంటే సరిగ్గా 16 పిక్సెళ్ళు, 8 పాయింట్లంటే మాత్రం 10.67. విండోస్ స్కేలింగ్ 125 శాతంలో ఉంటే మీరిచ్చిన 16 కాస్తా 20 అయి కూర్చుంటుంది. అక్కడ 32 ఇవ్వండి, 40 అవుతుంది, గడికి 5 చొప్పున సరిపోతుంది.

అపోహ: ఈ ఆర్కేడ్ అక్షరాల్లో నిలువు గీతలు లావుగా ఉండటం వట్టి అలంకారం.

వాస్తవం: అది పాత టీవీ తెరల అవసరం. 1976లో వీడియో గేమ్ కంపెనీ అటారీ అనుబంధ సంస్థ కీ గేమ్స్ తెచ్చిన క్విజ్ షో అనే ఆటలోని అక్షరాల తీరే తర్వాత జపాన్ కంపెనీ నామ్కో ఆటల్లోనూ కనిపిస్తుంది. ఆ తెరల మీద కిరణం ఎడమ నుంచి కుడికి పరుగెడుతుంది. ఒక్క పిక్సెల్ వెడల్పున్న నిలువు గీత వెలిగీ వెలగక చెదిరిపోతుంది, రెండుంటే నిలుస్తుంది. అడ్డగీతకు ఆ ఇబ్బంది లేదు, ఒకటి చాలు.

ఇంగ్లిష్ 'A' అక్షరాన్ని గళ్ళలో గీసి చూడండి: పైన 3 గళ్ళ కొన, కింద రెండేసి గళ్ళ కాళ్ళు, మధ్య 3 ఖాళీ, మొత్తం వెడల్పు 7. 'T'ని కూడా 7లోనే గీస్తే రెండు గళ్ళ కాడ నడిమికి రాదు, ఒక చెయ్యి పొట్టిదవుతుంది. అందుకే దాన్ని 6లో గీస్తారు. కొత్తవాళ్ళు తప్పేది ఎక్కువగా ఇక్కడే.

అపోహ: ఆట బొమ్మను అక్షరంలో ఇరికిస్తే రెట్రో ఫాంట్ అయిపోతుంది.

వాస్తవం: చదవడానికి పనికిరాదు. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్ ఆటలో పై వరస బొమ్మల వెడల్పు 8 గళ్ళు, మధ్యవి 11, కిందివి 12. ఎత్తు మాత్రం అన్నిటికీ 8. తీసుకోవాల్సింది ఆ ఎత్తు నియమాన్ని, మెట్లు మెట్లుగా దిగే ఆ అంచుల్ని. బొమ్మను యథాతథంగా ఫాంట్‌లో పెడితే హక్కుల గొడవ వేరే.

అపోహ: తెలుగుకి కూడా 8×8 చాలు.

వాస్తవం: చాలదు. 'స్త్రీ' రాయాలంటే పైన గుడిదీర్ఘం, కింద రెండు వత్తులు, నడుమ ఒళ్ళు. ఎత్తు 16 గళ్ళ వరసలకు తగ్గితే తెలుగు జోలికి పోకపోవడమే మేలు. 'ప' తలకట్టుకీ ఒంటికీ మధ్య ఒక్క గడి ఖాళీ వదలాల్సిందే, పూడితే 'వ' అనిపిస్తుంది. ఫాంట్ ఈఎమ్ (అక్షరం ఎత్తును ఎన్ని భాగాలుగా లెక్కించాలో చెప్పే సంఖ్య) 1000 కాకుండా 1024 పెట్టుకోండి: 1000ని 16తో భాగిస్తే 62.5 వస్తుంది, టీటీఎఫ్ బిందువులు పూర్ణ సంఖ్యలే. 1024కి గడి 64. వత్తుల యాంకర్లు (వత్తు అతుక్కునే బిందువులు) కూడా 64 గుణిజాల మీదే ఉండాలి, లేకుంటే వత్తు సగం గడి పక్కకు జరిగి మసకబారుతుంది. చివర్లో ఫాంట్లు తయారుచేసే ఫాంట్‌ఫోర్జ్ సాఫ్ట్‌వేర్‌లో గళ్ళన్నిటినీ రిమూవ్ ఓవర్‌ల్యాప్ అనే ఆదేశంతో కలపండి. కలపకపోతే అక్షరానికి అవుట్‌లైన్ వేసినప్పుడు ప్రతి గడికీ విడిగా గీత పడుతుంది. 'లక్ష్మి', 'రాష్ట్రం', 'జ్ఞానం' మూడూ 16లోనూ 32లోనూ టైపు చేసి చూశాకే ఫైల్ బయటికి ఇవ్వండి.