కాగితం విమానం చిన్నదైతే సులువా? అపోహలు - వాస్తవాలు

నా టేబుల్ మీద కాగితం ముక్కలు కోసి అతికించి చేసిన, జానెడు కూడా లేని స్పిట్‌ఫైర్ ఒకటి ఉంది. రెండో ప్రపంచయుద్ధపు బ్రిటిష్ యుద్ధ విమానానికి నమూనా అది. చూసినవాళ్లంతా ఒకటే మాట: "ఇంత చిన్నదేగా, ఒక్క సాయంత్రం పని!" మొదట్లో నేనూ అలాగే అనుకుని దిగాను. టేబుల్ మీదున్నది నా మూడో ప్రయత్నం, మొదటి రెండూ చెత్తబుట్టకే పోయాయి.

అపోహ: సైజు తగ్గితే పనీ తగ్గుతుంది

అసలు తంటా అంతా ఇక్కడే. కాగితపు యుద్ధ విమానాల్లో ఎక్కువగా వాడే స్కేలు 1:33, అంటే అసలు విమానంలో 33వ వంతు. నిజం స్పిట్‌ఫైర్ రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 11.23 మీటర్లు. 1:33లో అవి 34 సెంటీమీటర్లు, 1:72లో 15.6. 1:33 నమూనాను 1:72కు దించడానికి ప్రింటర్‌లో 46 శాతం అని పెడితే బొమ్మలన్నీ బుద్ధిగా చిన్నవైపోతాయి. కాగితం మందం మాత్రం మన మాట వినదు.

160 జీఎస్ఎం (చదరపు మీటరుకు 160 గ్రాముల బరువున్న) కాగితం సుమారు 0.2 మిల్లీమీటర్ల మందం. 1:72 లెక్కన చూస్తే అది 14 మిల్లీమీటర్ల పలక. అసలు విమానానికి తొడిగిన రేకు ఒకట్రెండు మిల్లీమీటర్లే! అందుకే రెక్క వెనక అంచు కత్తిలా ఉండాల్సింది రొట్టె ముక్కలా కనిపిస్తుంది.

ఇంకో చిక్కు. ఫ్యూజలేజ్‌ని, అంటే విమానం ఒంటిని, ముక్కలు ముక్కలుగా గొట్టాల్లా చుట్టి, లోపల ఒక పట్టీ పెట్టి జోడిస్తాం. ఆ పట్టీ లోపల సరిగ్గా కూర్చోవాలంటే దాని చుట్టుకొలత సుమారు 1.25 మిల్లీమీటర్లు తగ్గాలి. పెద్ద మోడల్‌లో ఇది లెక్కలోకి రాదు. చుట్టుకొలతే 40 మిల్లీమీటర్లున్న గొట్టంలో అయితే ఆ కాస్త తేడాకే అతుకు విచ్చుకుంటుంది, లేదా పట్టీ ముడతపడుతుంది. అట్టతో చేసే లోపలి చట్రాలదీ ఇదే కథ. 1 మిల్లీమీటరు అట్ట దూరడానికి గీసిన గాడులు కూడా 46 శాతానికి కుంచించుకుపోతాయి. అట్టను కూడా అర మిల్లీమీటరుకు దించకపోతే ఒకదాంట్లో ఒకటి దూరదు.

కాబట్టి చిన్న స్కేలుకు నేను బయటి తొడుగులన్నీ 100 నుంచి 120 జీఎస్ఎం కాగితం మీద ప్రింట్ తీస్తాను. గమ్ రాసే చెవులు రెండు మిల్లీమీటర్ల లోపు మిగిలితే కోసేసి, అతుకు వెనక పల్చటి కాగితం పట్టీ అంటిస్తాను. కాక్‌పిట్‌లో సీటు, ఒక డయల్ బోర్డు ఉంటే చాలు. మిగతావి మూత పడ్డాక ఎవరికీ కనపడవు. ఎవరైనా అడిగితే ఉన్నాయనే చెబుతాను.

అపోహ: గమ్ ఎంత రాస్తే అంత గట్టి

తెల్ల గమ్‌లో సగం నీళ్లే. నీరు తగిలితే కాగితం నార ఉబ్బుతుంది. ఎండాక ఎటు లాగితే అటు వంగుతుంది. నా మొదటి స్పిట్‌ఫైర్ కుడి రెక్క రాత్రి తిన్నగానే ఉంది, పొద్దున్న లేచేసరికి చివర పైకి మెలి తిరిగింది. రెక్క లోపలంతా బ్రష్షుతో పూసిన ఫలితం! ఇప్పుడు గమ్‌ను ఒక మూత మీద రెండు నిమిషాలు ఆరనిచ్చి, టూత్‌పిక్ కొసతో అంచుకు మాత్రమే రాస్తాను. పది లెక్కపెట్టేలోగా పట్టు దొరుకుతుంది.

నార దిశ కూడా చూసుకోవాలి. కాగితాన్ని రెండు వైపులా మెల్లగా వంచి చూస్తే ఒకవైపు సులువుగా లొంగుతుంది. ఆ వంపు గీత ఫ్యూజలేజ్ పొడవునా వచ్చేలా ప్రింట్ తీస్తే గొట్టం దానంతట అదే చుట్టుకున్నట్టు వస్తుంది. అడ్డంగా వస్తే మడత పడుతుంది, ఆ మడత ఎంత రుద్దినా పోదు.

అపోహ: ఒక జత రెక్కల విమానమే కొత్తవాళ్లకు మంచిది

సగం నిజం. కాగితం ఒక దిక్కుకే వంగుతుంది, ఒకేసారి రెండు దిక్కులకు వంగదు. స్పిట్‌ఫైర్ రెక్క ఒంటికి కలిసే చోట ఉండే లోవంపు, ముక్కు మీది గుండ్రటి టోపీ కాగితానికి పరమ శత్రువులు. ఆ టోపీని పువ్వు రేకల్లా కోసి, ఒక్కో రేకను వంచి దగ్గరకు చేర్చాలి. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్లు వాడిన మూడు రెక్కల ఫోకర్ డీఆర్.1కి ఇనుప గొట్టాల చట్రం మీద గుడ్డ కప్పారు. దాని పక్కలు చదునుగా ఉంటాయి కాబట్టి ఒళ్లు గంటలో అయిపోతుంది. కానీ మూడు రెక్కలు ఒకదానిపై ఒకటి సూటిగా నిలబడాలి. నేను అట్టముక్కల్ని ఒకే ఎత్తుకు కోసి రెక్కల మధ్య తాత్కాలికంగా నిలబెట్టి, అప్పుడు కమ్మీలు అతికిస్తాను.

డీఆర్.1 అనగానే ఒళ్లంతా ఎర్ర రంగు వేసేస్తారు. 'రెడ్ బారన్' అని పేరుపడ్డ జర్మన్ పైలట్ రిక్తోఫెన్ నడిపిన డీఆర్.1లన్నీ పూర్తిగా ఎర్రవి కావు. ఆయన గాల్లో సాధించిన 80 విజయాల్లో మూడు రెక్కల విమానంలో సాధించినవి 19 మాత్రమే.

అపోహ: కోసిన చోట తెల్ల అంచులు తప్పవు

తప్పుతాయి. అతికించకముందే ముక్క రంగుకు సరిపోయే వాటర్‌కలర్ పెన్సిల్‌తో అంచు మీద ఒక్కసారి గీస్తే చాలు. ఇంక్‌జెట్ ప్రింట్ అయితే తడి తగలకుండా చూసుకోండి, రంగు కారిపోతుంది. లేజర్ ప్రింట్ కారదు గానీ మడత దగ్గర పగులుతుంది. ముందుగా ఇంక్ అయిపోయిన బాల్‌పెన్‌తో గీత నొక్కి మడిస్తే పగులు తగ్గుతుంది.

అపోహ: ఖరీదైన పరికరాలు కావాలి

కొత్త బ్లేడు, ఇనుప స్కేలు, కటింగ్ మ్యాట్. అంతే. మొద్దుబారిన బ్లేడు కాగితాన్ని కోయదు, చింపుతుంది.

అపోహ: గీతలన్నీ రూళ్ల కర్రతో గీసినట్టుండాలి

1944 జూన్‌లో నార్మండీ దాడికి ముందు మిత్రపక్షాల విమానాలకు నలుపు తెలుపు చారలు హడావుడిగా వేశారు. చాలావాటికి చేత్తో బ్రష్షులు పట్టుకుని పూసేశారు. ఫొటోల్లో వంకర అంచులు కనిపిస్తాయి. ఒంటి ఇంజన్ విమానాలకు ఒక్కో చార 18 అంగుళాలు, 1:72లో 6 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. నా స్పిట్‌ఫైర్ ఎడమ రెక్క మీద కూడా ఒక చార వంకరే. అడిగినవాళ్లకు నార్మండీ కథ చెబుతాను గానీ, నిజానికి ఆ రోజు బ్లేడు జారింది.