గుండెకు స్టెంటు వేశాక ఒళ్ళు పట్టొచ్చా? అపోహలు – వాస్తవాలు

గుండె వార్డులో నర్సుని. అమలాపురం, రాజోలు వైపు నుంచి వచ్చినవాళ్ళు డిశ్చార్జి అయ్యేటప్పుడు తప్పకుండా అడిగే మాట: "సిస్టరు గారూ, ఇంటికెళ్ళాక కొబ్బరినూనె రాసి ఒళ్ళు పట్టొచ్చాండీ?" పట్టొచ్చు. ఎక్కడ, ఎంత బలంగా అన్నదే చూసుకోవాలి.

అపోహ: మర్దనా చేస్తే రక్తనాళాల్లో కొవ్వు కరుగుతుంది.
వాస్తవం: కరగదు. నొప్పి, కంగారు తగ్గి నిద్ర పడుతుంది, అదేం చిన్న మేలు కాదు. మాత్రలు మాత్రం మానకండి.

అపోహ: స్టెంటు వేసిన రోజు మనిషిని ముట్టుకోకూడదు.
వాస్తవం: జాగ్రత్తగా ముట్టుకోవచ్చు. స్టెంటుని గజ్జల్లోని రక్తనాళంలోంచి వేస్తే కొన్ని గంటలు కాలు మడవకుండా వెల్లకిలా పడుకోవాలి. గుండె సంగతి మరిచిపోయి నడుం నొప్పికే మూలుగుతారు చాలామంది. ముందు గజ్జల దగ్గర కట్టు చూస్తాం. తడిసినా, పక్కన ఉబ్బినా మర్దనా మాటే లేదు, డాక్టరుకి కబురే. బాగుంటే, మనిషిని కదపకుండా నడుం వంపు కిందికి అరచేయి పోనిచ్చి, వేళ్ళతో మెల్లగా పైకి ఒత్తి వదులుతాం. నాలుగైదు నిమిషాలకే ముఖం తేటపడుతుంది. ఇంటికెళ్ళాక అక్కడ రక్తం కారితే పడుకోబెట్టి, గట్టిగా అదిమిపట్టి, 108కి ఫోన్ చేయండి.

అపోహ: కాలు వాస్తే పిక్క పిసకాలి, నీరు దిగుతుంది.
వాస్తవం: నాకు అన్నిటికన్నా భయం దీనితోనే. బైపాస్ (గుండెలో మూసుకుపోయిన చోటు తప్పించి రక్తానికి కొత్త దారి వేసే ఆపరేషన్) కోసం రక్తనాళం తీసిన కాలు కాస్త వాయడం మామూలే. ఎత్తులో పెట్టుకుని, చెప్పినంత నడిస్తే తగ్గుతుంది. కానీ ఒక పిక్కే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టిందేమో అనుకోవాలి. పిసికితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరొచ్చు. చెయ్యి వెయ్యకుండా ఆసుపత్రికి తీసుకురండి.

అపోహ: మంచం పట్టినవాళ్ళకి పిరుదుల దగ్గర ఎర్రబడితే రుద్దాలి.
వాస్తవం: ఒకప్పుడు నర్సులకే అలా నేర్పేవారు! రుద్దితే లోపలి కండ ఇంకా దెబ్బతింటుంది. పక్కకి ఒరిగించి ఆ చోట బరువు తీసేయండి.

బైపాస్ అయినవాళ్ళని బోర్లా పడుకోబెట్టి వీపు తొక్కించొద్దు. ఆపరేషన్‌లో కోసిన రొమ్ము ఎముక అతుక్కోడానికి రెండు మూడు నెలలు పడుతుంది. కుర్చీలో కూర్చోబెట్టి భుజాలు, అరచేతులు, పాదాలు నిమరండి చాలు. రక్తం పలచన చేసే మాత్రలు వేసుకునేవాళ్ళకి గట్టిగా ఒత్తితే కమిలిపోతుంది. పేస్‌మేకర్ (గుండె సరిగ్గా కొట్టుకునేలా చూసే చిన్న యంత్రం) పెట్టిన చోట అసలు నొక్కొద్దు.

ఇంకోటి, సెలూన్లో క్షవరం అయ్యాక మెడ నొక్కి టపుక్కున విరుస్తారు చూడండి. మెడ పక్కన నొక్కితే కొందరికి నాడి ఒక్కసారిగా నెమ్మదించి కళ్ళు తిరుగుతాయి. "మెడ వద్దు బాబూ" అని కుర్చీలో కూర్చోగానే చెప్పేయండి.