ఒక్క ఎల్ఈడీలో ఇన్ని చిప్‌లు ఎందుకు?

సీలింగ్‌లో బిగించే ఎల్ఈడీ డౌన్‌లైట్ల లోపల చాలావాటిలో పసుపు రంగు బిళ్ల ఒకటి ఉంటుంది. ఆ పసుపు, నీలి వెలుగులో కొంతను పసుపుగా మార్చే ఫాస్ఫర్ పూతది. దాని కింద నీలి వెలుగునిచ్చే చిన్న చిన్న చిప్‌లు వరుసలుగా అతికించి ఉంటాయి. వాటి బదులు ఒకే పెద్ద చిప్ ఎందుకు పెట్టలేదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

అమెరికా శాస్త్రవేత్త నిక్ హోలోన్యాక్ 1962లోనే ఎర్ర ఎల్ఈడీ తయారు చేశారు. కానీ తెల్లని వెలుగుకు నీలం కావాలి. శాస్త్రవేత్తలు అకసాకి, అమానో, నకముర గాలియం నైట్రైడ్ అనే పదార్థంతో దాన్ని సాధించడానికి 1990లు వచ్చాయి. ముగ్గురికీ 2014లో నోబెల్ వచ్చింది. నీలి చిప్ మీద పసుపు ఫాస్ఫర్ పూసిన తెల్ల ఎల్ఈడీని జపాన్ కంపెనీ నిచియా 1996లో మార్కెట్‌లోకి తెచ్చింది.

అప్పటి 5 మిల్లీమీటర్ల ఎల్ఈడీ తట్టుకునే కరెంట్ 20 మిల్లీ ఆంపియర్లే. వేడి బయటికి పోవడానికి దానికున్న దారి రెండు సన్నని తీగకాళ్లు. గది వెలగడానికి అది ఏ మూలకూ చాలదు. 1990ల చివరికి చదరపు మిల్లీమీటరు చిప్‌ను లోహపు దిమ్మ మీద కూర్చోబెట్టి 350 మిల్లీ ఆంపియర్లు పంపడం మొదలైంది. ఇక అందరూ కరెంట్ పెంచుకుంటూ పోయారు.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. నీలి చిప్‌లో కరెంట్ రెట్టింపు చేస్తే వెలుగు రెట్టింపు కాదు. ఎలక్ట్రాన్ల రద్దీ పెరిగేకొద్దీ, వెలుగుగా మారాల్సిన శక్తిలో కొంత పక్క ఎలక్ట్రాన్‌కు చేరి చివరికి వేడిగా పోతుంది. దీన్ని డ్రూప్ అంటారు. చిప్‌ను ఎంత చల్లగా ఉంచినా ఇది తప్పదు. కాబట్టి వేడిని లాగి బయటికి వదిలే పెద్ద లోహపు హీట్ సింక్ తగిలిస్తే అంతా సర్దుకుంటుందన్న మాట సగమే నిజం.

చిప్‌నే పెద్దది చేయొచ్చు కదా? పెద్ద చిప్‌లో పుట్టిన వెలుగు బయటపడేలోపు లోపలే కొంత ఇంకిపోతుంది, వేడంతా ఒకేచోట పోగవుతుంది, తయారీలో లోపం వచ్చే అవకాశమూ ఎక్కువ. బరువును నలుగురు పంచుకున్నట్టు అదే కరెంట్‌ను చిన్న చిప్‌లకు పంచితే, ఒక్కోటీ తక్కువ కరెంట్ దగ్గర బాగా పనిచేస్తుంది. 2008 నాటికి నాలుగు చిప్‌లను ఒకే తొడుగులో బిగించిన ప్యాకేజీలు అమ్మకానికి వచ్చేశాయి. దీనివల్ల డ్రైవర్‌కూ, అంటే ఇంటి కరెంట్‌ను ఎల్ఈడీకి తగ్గట్టు మార్చే సర్క్యూట్‌కూ, మేలు జరిగింది. ఒక్కో నీలి చిప్‌కు సుమారు 3 వోల్టులు కావాలి. పన్నెండింటిని సిరీస్‌లో కలిపితే 36 వోల్టులు. కరెంట్ లైన్ వోల్టేజ్‌ను అంతవరకే దించితే చాలు కాబట్టి డ్రైవర్‌లో నష్టం తగ్గుతుంది. అయితే వరుసలను ప్యారలల్‌గా కలిపినప్పుడు జాగ్రత్త పడాలి: వోల్టేజ్ కాస్త తక్కువున్న వరుస ఎక్కువ కరెంట్ లాగేస్తుంది.

రంగు విషయంలో నాకు బాగా నచ్చిన ఉపాయం ఒకటుంది. ఒకే బ్యాచ్‌లో తయారైన చిప్‌లు కూడా అచ్చంగా ఒకే రంగు ఇవ్వవు. అందుకే రంగు అటూ ఇటూ ఉన్నవాటిని ఒకే ప్యాకేజీలో జతచేసి, సగటు సరిగ్గా కుదిరేలా చూస్తారు. విడిగా అయితే పక్కన పడేయాల్సిన చిప్‌లు కూడా ఇలా పనికొస్తాయి. ఎర్ర చిప్‌లు కలిపి వెలుగును వెచ్చగా చేయడం మరో దారి. 60 వాట్ల బల్బు స్థానంలో 10 వాట్ల లోపే వాడుతూ, 2011లో అమెరికా ఇంధన శాఖ ఎల్ ప్రైజ్ గెలిచిన ఫిలిప్స్ బల్బులో నీలి ఎల్ఈడీలతో పాటు ఎర్రవీ ఉన్నాయి. కాకపోతే వేడెక్కితే నీలంకన్నా ఎరుపు చాలా త్వరగా మందగిస్తుంది. దాన్ని విడిగా అదుపు చేయకపోతే దీపం రంగే మారిపోతుంది.

చిప్‌లు మరీ దగ్గరైతే ఒకదాని వెలుగును పక్కది మింగేస్తుంది. ఎడం పెంచితే వెలిగే బిళ్ల పెద్దదవుతుంది, దానికి తగ్గట్టు లెన్స్ కూడా పెరగాలి. ఒక్కో చిప్‌కు విడి లెన్స్ పెడితే ఒకే వస్తువుకు నాలుగైదు నీడలు పడతాయి. చిప్‌ల ధర పడిపోయాక గది దీపాల్లో ఈ ఇబ్బందులు పెద్దగా పట్టించుకోనక్కర్లేకుండా పోయాయి: ఎక్కువ చిప్‌లు పెట్టి, తక్కువ కరెంట్‌తో నడిపి, పైన మసక మూత బిగిస్తే సరి. దూరానికి సన్నగా వెలుగు కొట్టాల్సిన టార్చిలైట్లలో మాత్రం డ్రూప్‌ను భరిస్తూనే, ఒకే చిన్న చిప్‌లోకి ఎక్కువ కరెంట్ పంపుతున్నారు.