లాంగ్ జంప్‌లో 45 డిగ్రీలు ఎందుకు పనికిరావు?

ఒక వస్తువును నిర్ణీత వేగంతో విసిరితే, 45 డిగ్రీల కోణంలో అది అత్యధిక దూరం వెళ్తుందని ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో చదువుకుంటాం. అయినా లాంగ్ జంప్ మేటి క్రీడాకారులు నేలను వదిలేది సుమారు 20 డిగ్రీల కోణంలోనే. ఆ సూత్రంలోని ‘నిర్ణీత వేగం’ అనే షరతు మనిషి శరీరానికి వర్తించకపోవడమే ఇందుకు కారణం.

అగ్రశ్రేణి పురుష క్రీడాకారుడు సెకనుకు 10.5 నుంచి 11 మీటర్ల వేగంతో పరుగెత్తుకొచ్చి, 20 సెంటీమీటర్ల వెడల్పున్న టేకాఫ్ బోర్డు మీద కాలు మోపుతాడు. ఆ పాదం అక్కడ నిలిచేది దాదాపు సెకనులో ఎనిమిదో వంతు. అంతలో అతడు పైకి కూడగట్టుకోగలిగేది సెకనుకు మూడున్నర మీటర్ల వేగమే. 45 డిగ్రీలు సాధించాలంటే ముందుకు వెళ్లే వేగాన్నీ అంతకే కుదించుకోవాలి. హైజంప్ వీరులు సైతం అందుకోలేని 5 మీటర్ల ఊర్ధ్వ వేగాన్ని ఊహించుకున్నా, అప్పుడు గాలిలో సాగే దూరం 5 మీటర్లకు కొంచెం ఎక్కువ, అంతే.

అందువల్ల ఈ క్రీడలో చూడవలసినది చివరి రెండు అంగలనే అని నా అభిప్రాయం. చివరి నుంచి రెండో అంగను కాస్త సాగదీసి, మోకాలు వంచి, నడుమును కిందికి దించుతారు. చివరి అంగను కురచ చేసి, కాలును దాదాపు నిటారుగా, శరీరం కంటే ముందుగా బోర్డు మీద ఊనుతారు. పరుగు వేగంతో దూసుకొస్తున్న దేహం ఆ కాలిని ఇరుసుగా చేసుకుని పైకి లేస్తుంది. ఇందుకు ముందు వేగంలో కొంత కోల్పోక తప్పదు. ఒకసారి నేలను వదిలాక గరిమనాభి (దేహం బరువంతా కేంద్రీకృతమైనట్టు భావించే బిందువు) మార్గం మారదు. గాలిలో కాళ్లు, చేతులు తిప్పడం దేహం ముందుకు తూలకుండా ఆపడానికే.

1968 మెక్సికో సిటీ ఒలింపిక్స్‌లో బాబ్ బీమన్ 8.90 మీటర్లు దూకి, అప్పటి రికార్డును ఏకంగా 55 సెంటీమీటర్లు దాటాడు. 2,240 మీటర్ల ఎత్తులోని పలుచని గాలి, నిబంధనలు అనుమతించే గరిష్ఠ పరిమితిలో, అంటే సెకనుకు సరిగ్గా 2 మీటర్ల వేగంతో వీచిన వెనుకగాలి అతనికి తోడ్పడిన మాట నిజమే. కానీ అదే పోటీలో రజతం 8.19 మీటర్లకే దక్కింది కాబట్టి, ఆ ఘనతను వాతావరణానికి అప్పగించడం అన్యాయం.

1991లో టోక్యోలో మైక్ పావెల్ 8.95 మీటర్లతో ఆ రికార్డును చెరిపేశాడు. ఆ రోజు అతనూ కార్ల్ లూయిస్ ఇద్దరూ సెకనుకు దాదాపు 11 మీటర్ల వేగంతోనే పరుగెత్తారు. లూయిస్ సుమారు 18 డిగ్రీల కోణంలో లేచి, పరిమితికి మించిన వెనుకగాలితో 8.91 మీటర్లు దూకితే, పావెల్ సుమారు 23 డిగ్రీల కోణంలో లేచాడు.