147573952589676412927: అపోహలు, వాస్తవాలు

రెండును 67 సార్లు వేసి గుణించి, వచ్చిన లబ్ధం నుంచి ఒకటి తీసివేస్తే 147573952589676412927 వస్తుంది. డిగ్రీ తరగతిలో ఏటా ఈ సంఖ్యను బోర్డు మీద రాసి, ఇది ప్రధాన సంఖ్య అవునా కాదా అని అడుగుతుంటాను. ఏటా వినిపించే అపోహలు దాదాపు ఇవే.

అపోహ: చిన్న సంఖ్యలేవీ భాగించకపోతే అది ప్రధాన సంఖ్యే.

వాస్తవం: చివరి అంకె 7 కాబట్టి 2, 5 పోయాయి, అంకెల మొత్తం 109 కాబట్టి 3 పోయింది, 7, 11 కూడా భాగించవు. విద్యార్థులు అక్కడితో ఆగిపోతారు. వారిని తప్పుపట్టలేను, ఎందుకంటే 1644లో ఫ్రెంచ్ పండితుడు మెర్సెన్ కూడా దీన్ని తన ప్రధాన సంఖ్యల జాబితాలో చేర్చాడు. దీని అతి చిన్న కారణాంకం 193707721. భాజనీయతా సూత్రాలతో అంత దూరం వెళ్లలేము.

అపోహ: ఘాతాంకం 67 ప్రధాన సంఖ్య కాబట్టి ఫలితమూ అంతే.

వాస్తవం: 11 ప్రధాన సంఖ్యే, కానీ రెండు యొక్క 11వ ఘాతం నుంచి ఒకటి తీసివేస్తే వచ్చే 2047, 23ను 89తో గుణించిన లబ్ధం.

అపోహ: కారణాంకం చూపనిదే సంయుక్త సంఖ్య అని రుజువు చేయలేము.

వాస్తవం: అన్నిటికంటే లోతుగా పాతుకుపోయిన అపోహ ఇదే. ఫ్రెంచ్ గణితవేత్త లూకాస్ 1876లోనే ఈ సంఖ్య ప్రధానం కాదని, ఒక్క కారణాంకమూ తెలియకుండానే తేల్చాడు. తర్వాత అమెరికన్ గణితవేత్త లేమర్ సులభతరం చేసిన ఆ పరీక్షలో 4తో మొదలుపెట్టి, ప్రతిసారీ వర్గం చేసి, 2 తీసివేసి, పరీక్షించే సంఖ్యతో భాగించగా మిగిలిన శేషాన్ని తీసుకుంటూ, ఘాతాంకం కంటే రెండు తక్కువ సార్లు సాగాలి. చివరికి సున్నా వస్తే ప్రధానం, రాకపోతే కాదు. ఘాతాంకం 7 అయిన 127కు 4, 14, 67, 42, 111, 0 వస్తాయి. 2047కు తొమ్మిదో మెట్టులో 1736 మిగులుతుంది. ఆ 1736ను ఎంత తరచి చూసినా అందులో 23 గానీ 89 గానీ కనిపించవు.

మన సంఖ్యకు కారణాంకాలు దొరకడానికి 1903 దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఏడాది అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశంలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ 193707721ను 761838257287తో గుణించి చూపాడు. దానికి ఆయనకు మూడేళ్ల ఆదివారాలు పట్టాయని చెప్పే కథను మాత్రం కథగానే వినడం మంచిది.

అపోహ: కారణాంకం కోసం వర్గమూలం దాకా ప్రతి ప్రధాన సంఖ్యతోనూ భాగించి చూడాలి.

వాస్తవం: వర్గమూలం దాదాపు 1,215 కోట్లు. అయితే ఈ సంఖ్య కారణాంకం ఏదైనా 134 గుణిజానికి ఒకటి కలిపిన రూపంలోనే ఉండాలి, పైగా 8తో భాగిస్తే శేషం 1 లేదా 7 రావాలి. 193707721లో ఒకటి తీసివేసి 134తో భాగిస్తే సరిగ్గా 1445580 వస్తుంది. ఈ రెండు నియమాల వల్ల అక్కడికి చేరేలోపు పరీక్షించవలసినవి ఏడు లక్షల పైచిలుకు మాత్రమే. కాగితం మీద అది జీవితకాలపు పని, నేటి కంప్యూటర్‌కు క్షణం.

అపోహ: సంఖ్య ఎంత పెద్దదైతే కారణాంకాలు కనుక్కోవడం అంత కష్టం, రహస్య సంకేతాలకు అదే భద్రత.

వాస్తవం: పరిమాణం ఒక్కటే చాలదు. ఆర్ఎస్ఏ అనే రహస్య సంకేత పద్ధతిలో వాడే 2048 బిట్ల తాళపు సంఖ్యకు 617 అంకెలు ఉంటాయి. అది రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధం కాబట్టి విడదీయడం కష్టం. 250 అంకెల అటువంటి సంఖ్యను 2020లో విడదీశారు. రెండు యొక్క 2048వ ఘాతానికీ అవే 617 అంకెలు, కానీ దాన్ని రెండుతో భాగిస్తూ పోతే బడిపిల్లవాడు కూడా విడదీయగలడు.