చెవి బాగుంటే చాలదు: వినికిడిపై అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టుని నేను. జూట్ మిల్లుల్లో పనిచేసి రిటైరైన పెద్దలు మా దగ్గరికి వస్తుంటారు. కుర్చీలో కూర్చోగానే చాలామంది అనే మాట: "ఇనబడతంది గానీ బోధపడ్డం లేదమ్మా." ఇంట్లోవాళ్ళు దీన్ని పరధ్యానం కింద జమకట్టేస్తారు.

అపోహ: మాట వినబడుతోందంటే చెవి బాగున్నట్టే.

వాస్తవం: లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కేశకణాలు సుమారు 15 వేలు ఉంటాయి. ఏళ్ళ తరబడి మగ్గాల హోరులో ఉంటే ముందుగా దెబ్బతినేవి 4,000 హెర్ట్జ్ దరిదాపుల్లోని కీచు స్వరాలను పట్టుకునేవే. పోయినవి మళ్ళీ పుట్టవు. ఆ, ఊ లాంటి అచ్చుల బలం కింది స్వరాల్లో ఉంటుంది కాబట్టి అవి బాగానే అందుతాయి. స, త, చ లాంటి హల్లులకి పై స్వరాలే ఆధారం. అవి జారిపోతే పాలు, కాలు, తాలు మూడూ 'ఆలు'గానే మిగులుతాయి. ఆ ఖాళీని మెదడు సందర్భాన్ని బట్టి పూడుస్తుంది. వంటింట్లో వినబడితే పాలు అనుకుంటుంది. ఎదురుగా ఒక్కరే ఉంటే ఎలాగో నెట్టుకొస్తుంది గానీ, పెళ్ళి భోజనాల దగ్గర చేతులెత్తేస్తుంది.

అపోహ: వినబడనివాళ్ళతో చెవి దగ్గర అరవాలి.

వాస్తవం: అరిస్తే పెరిగేది ఎక్కువగా అచ్చుల జోరే. పైగా మీ ముఖం వాళ్ళకి కనబడదు. వెలుతుర్లో, ఎదురుగా నిలబడి నిదానంగా మాట్లాడండి. వినడంలో కళ్ళకీ వాటా ఉంది. 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అనే పరిశోధకులు 'బ' శబ్దానికి 'గ' పలుకుతున్న పెదాల దృశ్యం జతచేసి చూపిస్తే చాలామందికి 'డ' అని వినబడింది. కిటుకు తెలిసిన నాకూ అలాగే వినబడుతుంది!

అపోహ: చెవిలో గుయ్‌మంటోందంటే పురుగు దూరినట్టే, వెల్లుల్లి నూనె పోస్తే తగ్గుతుంది.

వాస్తవం: చాలామందిలో అక్కడ నిజంగా ఏ శబ్దమూ ఉండదు. చెవి నుంచి వచ్చే సంకేతాలు తగ్గినప్పుడు మెదడు తన వాల్యూమ్ పెంచుకోవడం వల్ల ఆ మోత పుడుతుందని నిపుణుల అభిప్రాయం. నూనె మాత్రం వద్దు. కర్ణభేరికి చిల్లు ఉంటే కొత్త తంటా. మోత ఒక చెవిలోనే ఉన్నా, వినికిడి ఉన్నట్టుండి పడిపోయినా, రేపు చూద్దాంలే అనకుండా ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

అపోహ: వినికిడి మెషీన్ అంటే కళ్ళజోడు లాంటిదే, పెట్టుకోగానే సరి.

వాస్తవం: ఏళ్ళుగా అందని ఫ్యాన్ రొద, ప్లాస్టిక్ కవరు గరగర ఒక్కసారిగా మీదపడతాయి. వీటిలో ఏది పట్టించుకోవాలో, ఏది వదిలేయాలో మెదడు మళ్ళీ నేర్చుకోడానికి కొన్ని వారాలు పడుతుంది. అది రోజూ పెట్టుకుంటేనే. ఎవరైనా ఇంటికొస్తేనే పెట్టుకుని, "ఇది పనికిరాదు" అని బీరువాలో పడేసేవాళ్ళే ఎక్కువ. మొదట్లో టీవీ కట్టేసి, ఒక్కరితో మాట్లాడుతూ అలవాటు చేసుకోండి. సిరిమాను సంబరం ముందురోజు కొనుక్కుని ఆ జనంలోకి పెట్టుకెళ్తే మాత్రం గోల తప్ప ఏమీ వినబడదు.