కళాచరిత్ర చదువుతామంటున్న పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

ఇంటర్ అయ్యాక ప్రాచీన, మధ్యయుగ కళాచరిత్ర చదువుతామంటే, "బొమ్మలు చూడటానికి కాలేజీ ఎందుకు?" అని ఇంట్లో అడిగారట. అమరావతి నుంచి వెళ్ళి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక పలక సంగతి వాళ్ళకు చెప్పండి.

అది సున్నపురాతి పలక. దానికి రెండు వైపులా చెక్కడం ఉంది. ఒక వైపు బోధివృక్షం, ఖాళీ సింహాసనం, మొక్కుతున్న భక్తులు. బుద్ధుడి రూపం ఎక్కడా లేదు. అది సుమారు క్రీ.పూ. 1వ శతాబ్దపు పని. రెండో వైపు శిల్పాలతో కిక్కిరిసిన స్తూపం. అది క్రీ.శ. 3వ శతాబ్దపు పని. అంటే పాత పలకనే తిప్పి మళ్ళీ చెక్కారు! తేదీ రాసి లేని రాతికి ఇలా కాలం కట్టాలంటే ఉలి ఎంత లోతుకు దిగిందో, మనుషులు ఎలా నిలబడ్డారో, వాళ్ళ మధ్య ఎంత ఖాళీ వదిలారో చూడాలి, ఇతర శిల్పాలతో పోల్చాలి. ఆ చూపు గురువుల దగ్గర, ఓపికగా, ఎన్నో శిల్పాల ముందు నిలబడితేనే అబ్బుతుంది. ఆ పలక ఒకప్పుడు ఉన్న అమరావతి మహాస్తూపం ఇప్పుడు దిబ్బగానే మిగిలింది. అది నిండుగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో మనం ఊహించగలుగుతున్నామంటే ఇలాంటి పలకల వల్లనే.

శాసనాలనూ వదలకండి. అమరావతిలో పూర్ణఘటం (నిండు కుండ) చెక్కిన ఒక పలకను దానం చేసినవాడు విధికుడనే చర్మకారుడు. ప్రాకృతంలో చెక్కించిన ఆ దానశాసనంలో అతని కుటుంబం ప్రస్తావన కూడా ఉంది. కళ అంతా రాజులే పోషించారనుకునేవారికి నేను మొదట చెప్పేది ఈ విధికుడి గురించే. కాబట్టి ఆ శాసనాలు చెక్కిన బ్రాహ్మీ లిపి, కాస్త ప్రాకృతం, సంస్కృతం నేర్చుకోండి. కష్టమే, కానీ అవి లేకుండా ఎప్పుడూ ఇతరుల అనువాదాల మీదే ఆధారపడవలసి వస్తుంది.

అమరావతి రాళ్ళు ఎలా చెదిరిపోయాయో తెలుసుకోవడం కూడా ఈ చదువులో భాగమే. 18వ శతాబ్దం చివర స్థానిక జమీందారు కట్టడాల కోసం ఆ స్తూపపు దిబ్బను తవ్వించాడు. అంతకుముందు ఒకసారి వచ్చి చూసిన బ్రిటిష్ సర్వేయరు కాలిన్ మెకంజీ 1816లో మళ్ళీ వచ్చి, ఆ శిల్పాల బొమ్మలు గీయించాడు. అలా గీయించిన శిల్పాల్లో కొన్ని తరువాత కనిపించకుండా పోయాయి, వాటికి ఆ బొమ్మలే సాక్ష్యం. మిగిలినవాటిలో చాలా భాగం చెన్నైలో, లండన్‌లో ఉంది. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మధ్యయుగానికి వస్తే రామప్ప గుడితో మొదలుపెట్టండి. 1213 నాటి శాసనం అక్కడే ఉంది. అక్కడి నల్లరాతి మదనికలను (స్త్రీ శిల్పాలను) చూసేముందు జాయపసేనాని నృత్తరత్నావళి కొంతైనా చదవండి. అదే కాకతీయుల కాలంలో, అదే శతాబ్దంలో రాసిన నాట్యగ్రంథం. కెమెరా తరువాత తీయవచ్చు. ముందు ఒక మదనికను పెన్సిలుతో గీయండి. నడుము ఎటు వంగిందో, బరువు ఏ కాలి మీద ఉందో గీస్తున్నప్పుడు తెలుస్తుంది. గీసినది నాకు పంపండి.

మీ తాతయ్య